సంక్రాంతి మూడు రోజులూ మల్లి ఎవరి బాధ్యత?

మా మల్లి వీధిలో పుట్టిన కుక్క. పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కొన కత్తిరించి వదిలిపెట్టిన కుక్కల్లో అదొకటి. ఒక వానాకాలం హైదరాబాదులో మేము అద్దెకుండే ఇంటి మెట్ల కింద తలదాచుకుంది, ఆ తరువాత ఇక వెళ్లలేదు. ఇప్పుడు దానికి సుమారు ఆరేళ్లు, బరువు పదహారు కిలోలు. ఏటా జనవరిలో మాతోపాటు అది కూడా తణుకు దగ్గర ఉన్న మా అత్తగారి ఊరికి వస్తుంది. క్రిస్మస్ నుంచి కనుమ దాకా సాగే ఈ మూడు వారాలూ ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు ఏడాదిలోకెల్లా ఎక్కువ మెలకువగా ఉండవలసిన రోజులని నాకు తెలిసివచ్చింది మాత్రం మూడేళ్ల క్రితం, పెద్ద పండుగ నాటి మధ్యాహ్నం.

ఆ రోజు ఇంట్లో ఇరవై ముగ్గురం ఉన్నాం. మావారి మామ్మగారు ఎనభై ఏళ్లు దాటిన మనిషి, కొత్త బియ్యంతో పరమాన్నం ఆవిడ చేత్తో వండితేనే ఆ ఇంట్లో పండుగ. నేను పెరట్లో చేతులు కడుక్కుని వచ్చేసరికి వెనక అరుగు మీద చిన్న అరిటాకు ముక్క, దాని ముందు తోక ఊపుతూ మల్లి, పక్కనే పీట వేసుకుని మురిపెంగా చూస్తున్న మామ్మగారు కనిపించారు. ఆకు మీద మెతుకు కూడా మిగల్లేదు.

“మామ్మగారూ, ఇందులో కిస్మిస్ వేశారా?” అని అడిగాను.

“వెయ్యకుండా ఎలాగే అమ్మాయ్? నేతిలో వేయించి గుప్పెడు వేశాను. పండగపూట కూడా దాని నోరు కట్టేస్తారేంటి?” అన్నారు ఆవిడ.

ద్రాక్షపళ్లు, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎన్ని తింటే ప్రమాదమో లెక్క తేల్చి చెప్పడం కష్టం. కొన్ని కుక్కలు ఎక్కువ తిన్నా ఏమీ కాదు, కొన్నింటికి కొద్దిపాటి తిన్నా కిడ్నీలు పాడవుతాయి. మొదటి రోజు వాంతులు, నీరసం తప్ప పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. ఆ తరువాతి రెండు మూడు రోజుల్లో మూత్రం తగ్గిపోయి, అప్పటికి చేయగలిగింది చాలా తక్కువగా ఉంటుంది. అందుకే ఈ విషయంలో “చూద్దాంలే” అనడానికి వీల్లేదు. తిన్న రెండు గంటల లోపల డాక్టరు ఇంజెక్షన్‌తో వాంతి చేయించగలిగితే విషం ఒంట్లోకి చేరకముందే చాలావరకు బయటికి వస్తుంది. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించాలని చూడటం కుక్కకు ఇంకో ప్రమాదం తెచ్చిపెట్టడమే. పండుగ రోజు కావడంతో ఆసుపత్రులన్నీ మూసి ఉన్నాయి. హైదరాబాదులోని మా డాక్టరుగారికి ఫోన్ చేస్తే తణుకులో తనకు తెలిసిన ఒకాయన నంబరు ఇచ్చారు. ఆ పెద్దమనిషి భోజనం మధ్యలో లేచి వచ్చి ఆసుపత్రి తలుపు తీశారు. నలభై నిమిషాలు గడిచాయి. మల్లి కక్కినదాంట్లో నేతికి ఉబ్బిన ఎండుద్రాక్షలు తొమ్మిది లెక్కపెట్టాను. రెండు రోజులు సెలైన్ ఎక్కించి, మూడో రోజు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేసి, ఫలితం మామూలుగానే ఉందని చెప్పేదాకా నాకు గుండె కుదుటపడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే నాకు ఒక సంగతి అర్థమైంది. ఎండుద్రాక్ష కుక్కకు పెట్టకూడదని ఆ ఇంట్లో నాకు తెలుసు, మావారికి తెలుసు, మా అమ్మాయికి కూడా తెలుసు. కాని మల్లి మావారి దగ్గర ఉందని నేను అనుకున్నాను, అది అమ్మాయితో డాబా మీద ఉందని మావారు అనుకున్నారు, గాలిపటం ఎగరేస్తున్న అమ్మాయి అది నా దగ్గర ఉందనుకుంది. హైదరాబాదులో మేము ముగ్గురమే ఉన్నప్పుడు ఒక్కరోజు కూడా ఇలా జరగలేదు. ఇంటినిండా మనుషులు ఉన్నప్పుడే అది ఎవరి కంటా పడకుండా పోయింది. అప్పటినుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: పండుగ రోజుల్లో పగలంతా మల్లి గొలుసు ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. గొలుసు పట్టుకున్నవాళ్లదే బాధ్యత. పని పడితే దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చి, “ఇదిగో, మల్లి నీది” అని పైకి అని మరీ వెళ్లాలి. ఈ ఒక్క మార్పు నేను కొన్న వస్తువులన్నిటికంటే, చదివిన సలహాలన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

మన పండుగ వంటల్లో కుక్కకు సరిపడనివి ఎన్ని ఉన్నాయో నేను ఆ తరువాతే ఒక్కొక్కటిగా చూసుకున్నాను. ద్రాక్షలోని విషగుణానికి టార్టారిక్ ఆమ్లం కారణమని పశువైద్యులు కొద్ది ఏళ్లుగా భావిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది, చింతపండు తిన్న కుక్కలకు కిడ్నీలు దెబ్బతిన్న సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పులుసు, పులిహోర లేని పండుగ మనకు ఉండదు కనుక తెలుగువాళ్లు ఈ విషయం తప్పకుండా తెలుసుకోవాలని నా కోరిక. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా, ఉడికినవైనా, పొడి రూపంలో ఉన్నా కుక్క రక్తంలోని ఎర్రకణాలను చిదిమేస్తాయి. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి తింటే చాలు, రక్తంలో మార్పు కనిపిస్తుంది. వెల్లుల్లి అంతకంటే ఘాటైనది. ఈ లక్షణాలు వెంటనే కాక నాలుగైదు రోజుల తరువాత బయటపడతాయి కనుక, చిగుళ్లు పాలిపోయి, మూత్రం ముదురు రంగులో కనిపించేసరికి కనుమ నాటి నాటుకోడి పులుసు సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఆ పులుసులోని ఎముకలు మరొక సమస్య. పచ్చి ఎముకకు ఉండే సాగుడు ఉడికిన కోడి ఎముకకు ఉండదు. కొరికితే సూదుల్లా చీలి గొంతులోనో పేగులోనో దిగుతుంది. భోజనాలు అయ్యాక ఎంగిలి విస్తళ్లను పెరటి గోడ దగ్గర కుప్పగా వేయడం ఊళ్లలో అలవాటు. మేము ఇప్పుడు మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి అక్కడ పెట్టించాం. అరిసెలు, గారెలు, జంతికలు నేరుగా విషం కాకపోయినా, అలవాటు లేని కుక్క ఒక్కపూటలో అంత నూనె, నెయ్యి తింటే క్లోమగ్రంథి వాచిపోయి, వాంతులతో, కడుపునొప్పితో మంచాన పడుతుంది. క్రిస్మస్‌కు ఇరుగుపొరుగు ప్రేమగా పంపే ప్లమ్ కేకులో ఎండుద్రాక్ష, ఒక్కోసారి దానికి పట్టించిన రమ్ము రెండూ ఉంటాయి. చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత చెడ్డది. చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లో వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం అరగంటలో కుక్క రక్తంలోని చక్కెరను ప్రాణాపాయ స్థాయికి దించగలదు కనుక, చుట్టాలు గోడవారన పెట్టుకునే చేతిసంచులను కూడా మేము ఎత్తు మీద పెట్టిస్తాం. ఒంట్లో బాగాలేదని మన జ్వరం బిళ్లలో, నొప్పుల బిళ్లలో సగం విరిచి వేసేవారిని నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి, వాటిలో కొన్ని కుక్కలకు చిన్న మోతాదులోనే విషమవుతాయి.

భోగిమంట దగ్గర మంట వల్ల కంటే బూడిద వల్ల ఎక్కువ భయం. తెల్లవారుజామున మంట ఎగసిపడుతున్నప్పుడు ఏ కుక్కా దాని దరిదాపులకు రాదు. మనుషులు తలంట్లకు వెళ్లిపోయాక, తొమ్మిది గంటలకు, పైకి తెల్లగా చల్లారినట్లు కనిపించే బూడిద చలికి వణికే కుక్కకు మెత్తని పరుపులా కనిపిస్తుంది. నిరుడు మా కళ్ల ముందే పక్కింటివాళ్ల నల్ల కుక్క ఆ బూడిదలోకి వెళ్లి, పడుకునే ముందు అలవాటుగా తన చుట్టూ తాను ఒకసారి తిరిగి, రెండోసారి తిరగబోతూ ముందరి కాలు చటుక్కున పైకెత్తి, ఆ కాలు దించకుండా మూడు కాళ్ల మీద కుంటుతూ వచ్చింది. అరికాలి మెత్త మీద పైపొర లేచిపోయి లోపల గులాబీ రంగు కనిపించింది. పది పదిహేను నిమిషాలపాటు కుళాయి నీటి ధార కింద ఆ కాలు పట్టుకుని, శుభ్రమైన గుడ్డ చుట్టి డాక్టరు దగ్గరికి పంపించాం. పసుపు, పేస్టు, నెయ్యి ఏదీ రాయలేదు, కుక్క ఎటూ నాకేస్తుంది. మంట ఆరిన వెంటనే రెండు బిందెల నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ రెండు బిందెలు పోస్తే ఈ ప్రమాదమే ఉండదు. అది వీధి కుక్కలకు కూడా మనం చేయగలిగిన మేలు. సాయంత్రం పిల్లలకు భోగిపళ్లు పోసినప్పుడు నేలరాలే రేగుపళ్లు, చిల్లర నాణేలు, చెరకు ముక్కలు ఒక్కటి కూడా మిగలకుండా చీపురుతో ఊడ్చాకే మల్లిని హాల్లోకి రానిస్తాం. రేగు గింజ గాని, నాణెం గాని పేగులో అడ్డుపడితే ఆపరేషన్ దాకా పోవలసి వస్తుంది.

గాలిపటాల దారం గురించి కూడా చెప్పాలి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించినా, తెగిన దారం డాబాల మీద, చెట్ల కొమ్మల్లో, పొలం గట్ల మీద ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. కాలికి చుట్టుకుంటే కుక్క గింజుకున్నకొద్దీ కోసుకుపోతుంది. మింగిన దారం నోటి నుంచో వెనకవైపు నుంచో కొంత బయటికి వేలాడుతూ కనిపిస్తే దాన్ని లాగకూడదు. లోపల పేగు మడతల మధ్య చిక్కుకున్న దారాన్ని లాగితే అది పేగునే కోసేస్తుంది. అలాగే ఉంచి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లడమే సరైన పని.

ఊళ్లో పండుగ ఇంటి గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. హరిదాసు వస్తాడు, గంగిరెద్దులవాళ్లు సన్నాయి ఊదుతూ వస్తారు, పందేలు చూడటానికి మగవాళ్లు గుంపులుగా బయలుదేరతారు; ఎవరు వెనక్కి తిరిగి గడియ వేస్తారు? కొత్త ఊళ్లో, కొత్త వాసనల మధ్య తప్పిపోయిన కుక్కకు మన ఇంటి దారి తెలియదు, పైగా ఆ వీధి కుక్కలు దాన్ని ఊరికే వదలవు. అందుకని మల్లి మెడబెల్టు మీద చెరగని సిరాతో రెండు ఫోన్ నంబర్లు రాయిస్తాను, ఒకటి మాది, ఒకటి ఊళ్లోనే ఉండే మా మామగారిది. బయలుదేరే ముందు నిలువెత్తు ఫొటో ఒకటి తీసి ఉంచుకుంటాను. యాంటీ రేబిస్ టీకా గడువు జనవరికి ముందే ముగిసేలా ఉంటే డిసెంబరు మొదట్లోనే వేయిస్తాను.

వెనక వైపున్న చిన్న గది ఆ మూడు రోజులూ మల్లిదే. హైదరాబాదు నుంచి దాని పాత దుప్పటిని ఉతకకుండా, దాని వాసనతోనే తెచ్చి అక్కడ పరుస్తాను. తలుపుకు బయట గడియ ఉంటుంది, ఆ గదిలోకి పిల్లలు వెళ్లకూడదని గట్టిగా చెప్పి ఉంచాం. ముద్దు చేయడానికి పదిమంది పిల్లలు ఒక్కసారిగా మీద పడితే ఎంత సాధువైన కుక్కకైనా ఊపిరాడదు. అది కరిచే ముందు చాలా సేపటి నుంచి చెబుతూనే ఉంటుంది: పెదవులు నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, తల పక్కకు తిప్పి కంటి తెలుపు కనిపించేలా ఓరగా చూస్తుంది, తోక కాళ్ల మధ్యకు పోతుంది. ఇవన్నీ ఎవరూ పట్టించుకోనప్పుడే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొట్టి మాన్పించిన కుక్క మరోసారి గుర్రుమనకుండానే కరుస్తుంది. ఆ హెచ్చరిక మనకు కావాలి, దాన్ని పోగొట్టుకోకూడదు.

డిసెంబరు 31 అర్ధరాత్రి మేము హైదరాబాదులోనే ఉంటాం. మనిషి చెవికి వినిపించేది 20,000 హెర్ట్జ్‌ల వరకే, కుక్కకు దాదాపు 45,000 హెర్ట్జ్‌ల వరకు వినిపిస్తుంది. మనకు పక్క వీధిలో పేలిన బాంబు దానికి నెత్తిన పేలినట్లే ఉంటుంది. సాయంత్రం ఏడు గంటలకల్లా షికారు ముగించి, పడకగది కిటికీలు మూసి, ఫ్యాను వేగంగా తిప్పి, టీవీ మోగిస్తూ మంచం పక్కన దానితోపాటు నేల మీద కూర్చుంటాను. భయపడుతున్న కుక్కను నిమిరితే భయం ముదురుతుందని కొందరు చెబుతారు కాని అది నిజం కాదు, భయం మన ఓదార్పుతో పెరగదు. మరీ వణికిపోయే కుక్కలకు మందులు ఉన్నాయి. అయితే రెండు వారాల ముందే డాక్టరును అడిగి, మామూలు రోజున ఒకసారి వేసి చూసుకోవాలి. చాలాకాలంగా వాడుకలో ఉన్న ఎసిప్రొమజిన్ అనే మత్తుమందు ఒక్కటే వేస్తే శరీరం కదలదు కాని లోపలి భయం అలాగే ఉంటుందని డాక్టర్లు చెబుతారు. కాబట్టి పాత చీటీ చూపించి మందుల షాపులో కొనుక్కోవద్దు.

చలి గురించి కోస్తా ఊళ్లలో పెద్దగా బెంగ అక్కరలేదు. పొట్టి వెంట్రుకల కుక్కలకు, కూనలకు, కీళ్లనొప్పులున్న ముసలి కుక్కలకు మాత్రం రాత్రి గచ్చు మీద నిద్ర మంచిది కాదు. ఎండుగడ్డి కూరిన గోనెసంచి ఒకటి చాలు, మంచుకు తడిస్తే మార్చాలి. వానలు వెనకబడ్డాక జతకట్టిన వీధి కుక్కలు ఈ చలికాలంలోనే ఈనుతాయి కనుక, కూనలు వెచ్చదనం కోసం ఆగిన కార్ల కిందికి, చక్రాల వెనక్కి చేరతాయి. పండుగ ప్రయాణానికి తెల్లవారుజామున బండి తీసేటప్పుడు వంగి కిందికి ఒకసారి చూడండి, బానెట్ మీద రెండు సార్లు తట్టండి.

మా ప్రయాణం దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. పండుగ ముందు రోజుల్లో విజయవాడ దారిలోని పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు ఎలా బారులు తీరతాయో ఆ దారిన వెళ్లే ప్రతివారికీ తెలుసు. మూడున్నర గంటల ముందే మల్లికి కొద్దిగా తిండి పెట్టి, ఆ తరువాత నీళ్లు తప్ప ఏమీ ఇవ్వను. అలా చేస్తేనే దారిలో వాంతి చేసుకోదు. వెనక సీట్లో హార్నెస్ వేసి సీటుబెల్టుకు కట్టి ఉంచుతాం. పెట్రోలు బంకుల దగ్గర ఆగినప్పుడు గొలుసు చేతికి చుట్టుకున్న తరువాతే తలుపు తీస్తాం, ఎందుకంటే తప్పిపోయే కుక్కలు సాధారణంగా అలాంటి చోటే తప్పిపోతాయి. రైల్లో అయితే ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం మన పేరున ఉంటే వెంట తీసుకువెళ్లవచ్చు, లేదా గార్డు పెట్టెలోని కుక్కల పెట్టెలో వేయాలి. సంక్రాంతి రద్దీలో, ఆ చీకటి ఇనుప పెట్టెలో, రాత్రంతా ఒంటరిగా ఒక కుక్కను పంపడానికి నాకు మనసొప్పదు. ప్రయాణాలకు తట్టుకోలేని కుక్కను దానికి తెలిసిన మనిషి తోడుగా సొంత ఇంట్లోనే ఉంచడం అన్నిటికంటే మంచిది. బోర్డింగ్‌లో వదలక తప్పకపోతే నవంబరులోనే స్వయంగా వెళ్లి, రాత్రిపూట అక్కడ ఎవరు ఉంటారో, అవసరమైతే ఏ డాక్టరును పిలుస్తారో అడిగి తెలుసుకుని, ఒక్క రాత్రి ఉంచి చూడాలి.

మామ్మగారు ఆ ఏడాది తరువాత కొంతకాలం మల్లికి ఏమీ పెట్టనన్నారు. చేతులారా విషం పెట్టానని ఆవిడకు దిగులు. నాకది ఇష్టం లేకపోయింది, ఎందుకంటే మల్లికి ఆ ఇంట్లో అందరికంటే ఆవిడంటేనే ప్రాణం. అందుకని ఇప్పుడు కొత్త బియ్యం ఉడికి, బెల్లం గాని కిస్మిస్ గాని పడకముందే రెండు గరిటెల అన్నం పక్కకు తీసి, ఉప్పు కూడా లేకుండా విడిగా ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసం నాలుగు ముక్కలు అందులో కలిపి, చల్లారాక ఆవిడ చేతికే ఇస్తున్నాం. అదే వెనక అరుగు, అదే అరిటాకు ముక్క. నిరుడు పీట వాల్చుకుని కూర్చున్న ఆవిడ ఆకును వెంటనే కింద పెట్టలేదు. మల్లి తోక ఊపుతూ ఎదురుచూస్తున్నా, తలుపు వైపు తిరిగి ఇల్లంతా వినిపించేలా కేకేశారు:

“అమ్మాయ్, గొలుసు ఎవరి చేతిలో ఉందే?”